గణకయంత్రానికి గ్రంథాలయం: గ్రేస్ హోపర్ జీవితం

అచ్చుయంత్రం రాకపూర్వం గ్రంథం కావలసినవాడు దానిని తానే వ్రాసుకొనవలసినదే. లేదా వ్రాయసకానికి కూలి యిచ్చి వ్రాయించుకొనవలసినదే. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల పండితుల యిండ్లలో నిలిచిన తాళపత్రాలు ఈ విధంగా ప్రతికి ప్రతిగా పుట్టినవే. చేయి అలసినచోట పకారం వకారమైనది. కన్ను జారినచోట ఒక పాదమే జారిపోయినది. తరువాతి లేఖకుడు ఆ తప్పును కూడ భక్తితో ఎత్తి వ్రాసినాడు. మూలం ఒక్కటే అయినా పాఠాలు పది అయినవి. పరిష్కర్తలు పది ప్రతులను ముందు పెట్టుకొని ఏండ్ల తరబడి శ్రమించినది ఈ చేతిదోషాలను ఏరివేయడానికే.

ఇరువదవ శతాబ్దం నడుమ మొదటి గణకయంత్రాలు పుట్టినపుడు, వాటికి ఆదేశాలు వ్రాసే గణితవేత్తలకు సరిగా ఇదే బాధ ఎదురైనది. ఒకసారి సరిగా వ్రాసినదానిని మరల మరల చేతితో ఎత్తి వ్రాయడంవల్లనే తప్పులు పుడుతున్నవని గుర్తించి, ఆ ఎత్తివ్రాత పనిని యంత్రానికే అప్పగించిన విదుషి గ్రేస్ హోపర్. నేడు కంప్యూటరు విద్యార్థి నోట లైబ్రరీ అనే మాట వినబడినపుడెల్లా, ఆమె ఆనాడు పడిన శ్రమలో కొంత భాగం దాని వెనుక నిలిచి ఉన్నది.

ఆమె 1906 డిసెంబరు 9వ తేదీన న్యూయార్కు నగరంలో జన్మించినది. పుట్టింటి పేరు గ్రేస్ బ్రూస్టర్ మర్రే. ముగ్గురు పిల్లలలో ఆమె పెద్దది. తండ్రి బీమా వ్యాపారంలో ఉండేవాడు. తల్లికి గణితమంటే మక్కువ. ముత్తాత అమెరికా నౌకాదళంలో అడ్మిరలుగా పనిచేసినవాడు. ఏడేండ్ల వయస్సులో ఆమెకు ఇంటిలోని అలారం గడియారం లోపల ఏమున్నదో చూడవలెనని బుద్ధి పుట్టినది. విప్పినది గాని మరల కూర్చలేకపోయినది. ఎట్లు కూర్చవలెనో తెలుసుకొనడానికి రెండవ గడియారం విప్పినది, ఆపై మూడవది. ఇట్లు ఇంటిలోని ఏడు గడియారాలు నేలమీద పరచుకొన్న తరువాత తల్లి చూచినది. ఆ తల్లి కూతురిని దండించలేదు. ఇకమీదట ఒక్క గడియారంతోనే ఆడుకొనవలెనని మాత్రం కట్టడి చేసినది. తండ్రికి రక్తనాళాల వ్యాధివల్ల రెండు కాళ్ళూ తీసివేయవలసి వచ్చినది. కర్రకాళ్ళమీద నడుస్తూనే ఆయన సంసారం నడిపినాడు. తన తరువాత ఆడపిల్లలు ఒకరిమీద ఆధారపడకుండ బ్రతకవలెనంటే, కుమారునితో సమంగా వారికీ చదువు ఉండవలెనని ఆయన పట్టుబట్టినాడు.

ఆ చదువు కూడ మొదట తడబడకపోలేదు. పదహారవ ఏట వాసర్ కళాశాలలో ప్రవేశం కోరగా, లాటిను పరీక్షలో మార్కులు చాలలేదని నిరాకరించినారు. ఒక సంవత్సరం ఆగి, ఆ లోపం పూరించుకొని, మరుసటి ఏడు ప్రవేశం పొందినది. 1928లో గణిత, భౌతికశాస్త్రాలలో పట్టం పుచ్చుకొన్నది. 1930లో యేల్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., 1934లో అక్కడనే గణితంలో డాక్టరు పట్టం వచ్చినవి. 1930లోనే సాహిత్యాచార్యుడైన విన్సెంట్ హోపర్‌ను వివాహమాడినది. 1931 నుండి వాసర్‌లో గణితం బోధించినది. సంతానం కలుగలేదు. ఆ దాంపత్యం 1945లో విడాకులతో ముగిసినది. హోపర్ అనే పేరు మాత్రం ఆమెకు నిలిచిపోయినది.

1941 డిసెంబరులో పెర్ల్ హార్బరుపై దాడి జరిగి అమెరికా యుద్ధంలో దిగినది. కళాశాలలో స్థిరమైన ఉద్యోగం, మంచి పేరు ఉన్న ఆ ఉపాధ్యాయిని నౌకాదళంలో చేరవలెనని నిశ్చయించుకొన్నది. నౌకాదళం ఒప్పుకొనలేదు. వయస్సు మించినదన్నారు. ఉండవలసిన తూకం కన్న సుమారు 7 కిలోలు తక్కువ ఉన్నదన్నారు. గణితాచార్యులు దేశానికి తమ కళాశాలలలోనే ఉపయోగపడుతారన్నారు. ఆమె పట్టు విడువక ప్రత్యేకానుమతి సంపాదించి 1943 డిసెంబరులో రిజర్వు దళంలో చేరినది. తన శిష్యురాండ్రంత వయస్సు గల యువతుల నడుమ కవాతు నేర్చుకొని, 1944 జూనులో ఆ శిక్షణలో ప్రథమురాలుగా ఉత్తీర్ణురాలైనది.

ఓడలమీదికి పంపుతారేమోనని ఎదురుచూచిన ఆమెను హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఒక నేలమాళిగకు పంపినారు. అక్కడ హోవర్డ్ ఐకెన్ అనే శాస్త్రజ్ఞుని ఆధ్వర్యంలో మార్క్ 1 అనే గణకయంత్రం నడుస్తున్నది. దాని పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు. అందులోని భాగాలు సుమారు 7,50,000. సెకనుకు మూడు కూడికలు చేయగలదు. 23 అంకెల వరకు గల సంఖ్యలు పట్టుతుంది. దానికి ఆదేశాలు చిల్లులు పొడిచిన కాగితపు పట్టీమీద అందేవి. గద్వాల చీర అంచు నేసే మగ్గంమీద జకార్డు అట్టల చిల్లులను అనుసరించి ఏ పోగు లేవవలెనో నిర్ణయమైనట్లు, పట్టీమీది చిల్లులను అనుసరించి ఏ సంఖ్యను ఏ సంఖ్యతో కలుపవలెనో ఆ యంత్రం నిర్ణయించుకొనేది. ఆమె అడుగు పెట్టగానే ఐకెన్ చేతికిచ్చిన పని 23 స్థానాల వరకు కొన్ని గుణకాలను లెక్కగట్టడం. గడువు మరుసటి గురువారం.

ఆ యంత్రాన్ని చూచి బెదరక, దాని విద్యుత్పటాలను ముందు పెట్టుకొని, చిన్ననాడు గడియారం విప్పినట్లే భాగం భాగంగా దానిని తెలుసుకొన్నది. 1946లో హార్వర్డ్ ప్రకటించిన ఆ యంత్రపు నిర్వహణ గ్రంథం 500 పుటలకు మించినది. దాని రచనలో ప్రధానభారం ఆమెదే. తుపాకి గుండ్ల గమనం, సముద్రంలోని మందుపాతరల తొలగింపు మొదలైన యుద్ధసంబంధమైన లెక్కలతో రాత్రింబవళ్ళు పని సాగినది. అక్కడనే ఆమె, రిచర్డ్ బ్లాక్, రాబర్ట్ కాంప్‌బెల్ అనే సహచరులు ఒక అలవాటు చేసుకొన్నారు. త్రికోణమితి విలువలో, వర్గమూలమో కట్టే ఆదేశాలు ఒకసారి సరిగా పనిచేసినట్లు తేలగానే వాటిని నోటుపుస్తకంలో వ్రాసి ఉంచేవారు. మరల అవసరమైనపుడు ఒకరి పుస్తకం ఒకరు తీసుకొని ఎత్తి వ్రాసుకొనేవారు. ఆనాటి ఆ నోటుపుస్తకాలే రాబోయే గ్రంథాలయానికి మొదటి అరలు.

1947 సెప్టెంబరు 9న మార్క్ 2 యంత్రంలో ఒక రిలే నడుమ చిమ్మెట చిక్కుకొని పని ఆగిపోయినది. దానిని తీసి దినచర్య పుస్తకంలో అతికించినారు. యంత్రదోషానికి పురుగు అనే అర్థం గల ఆంగ్లపదం అప్పటినుండే వచ్చినదనీ, ఆ పురుగును పట్టినది హోపరేననీ లోకంలో ప్రచారం కలదు. ఆ మాట అంతకు ఎన్నో ఏండ్లకు ముందే యంత్రవేత్తల వాడుకలో ఉన్నది. పురుగును చూచినదీ ఆమె కాదు. ఆ కథను పదిమందికి రసవత్తరంగా చెప్పి వ్యాప్తి చేసినది మాత్రం ఆమెయే.

యుద్ధం ముగిసినది. నౌకాదళంలో శాశ్వతోద్యోగం కోరితే వయస్సు మించినదని మరల నిరాకరించినారు. హార్వర్డ్‌లో మూడేండ్ల పరిశోధనోద్యోగం 1949లో ముగిసినది. స్త్రీకి అక్కడ స్థిరమైన పదవి ఇచ్చే ఆచారం లేదు. వాసర్‌లోని పదవిని ఆమె అంతకుముందే వదులుకొన్నది. ఇల్లు లేదు, సంసారం లేదు. ఆ సంవత్సరాలలో ఆమె మద్యానికి లోబడి, వైద్యసహాయం అవసరమయ్యే స్థితి వరకు వచ్చినది. స్నేహితులు గట్టిగా హెచ్చరించినారు. ఆ చీకటినుండి ఆమెను బయటికి తెచ్చినవాటిలో ముఖ్యమైనది కొత్త పని. 1949లో ఫిలడెల్ఫియాలో ఎకర్ట్, మాక్లీ అనే ఇద్దరు యంత్రనిర్మాతలు స్థాపించిన సంస్థలో గణితవేత్తగా చేరినది. యూనివాక్ అనే యంత్రం అక్కడ తయారవుతున్నది.

యూనివాక్ మార్క్ 1 కన్న ఎన్నో రెట్లు వేగవంతమైనది. యంత్రం వేగం పెరిగినకొద్దీ మనిషి నెమ్మదితనం బయటపడినది. క్షణాలలో ముగిసే లెక్కకు ఆదేశాలు వ్రాయడానికి వారాలు పట్టేవి. వ్రాసినవాటిలో తప్పులు వెదకడానికి మరికొన్ని వారాలు. తప్పులు ఎక్కడ పుడుతున్నవో ఆమె పరిశీలించినది. అవి రెండుచోట్ల పుడుతున్నవి. మొదటిది ఎత్తివ్రాత. ఖాళీస్థలానికి గుర్తుగా వ్రాసే త్రికోణాన్ని తొందరలో గీస్తే 4 అంకెవలె కనబడేది. ఆంగ్లాక్షరమైన బి విడిపోయి 13గా మారేది. మన లేఖకుల పకార వకారాల గొడవయే అది. రెండవది కూడిక. సిద్ధంగా ఉన్న ప్రతి ఆదేశమాలకు పంక్తుల సంఖ్య సున్నతో మొదలయ్యేది. దానిని కొత్త ప్రోగ్రాములో 300వ స్థానంలో చేర్చవలెనంటే, అందులో స్థానాన్ని సూచించే ప్రతి సంఖ్యకూ 300 చేర్చవలెను. గణితంలో పండితులైనవారు కూడ ఈ చిన్న కూడికలో పొరపడుతూనే ఉండేవారు.

ఎత్తి వ్రాయడం, కూడడం అనే రెండు పనులను అలసట లేక చేసే యంత్రం కండ్లముందే ఉన్నది గదా! ఆ పనిని దానికే ఎందుకు అప్పగించరాదని ఆమె ప్రశ్నించుకొన్నది. 1951 చివర మొదలుపెట్టి 1952 వసంతానికి ఏ-0 అనే సాధనాన్ని సిద్ధం చేసినది. సరిచూచిన ఆదేశమాలలన్నిటినీ అయస్కాంతపు టేపుమీద నిలువజేసి, ఒక్కొక్కదానికి ఒక పిలుపుగుర్తు నిచ్చినది. గ్రంథాలయంలో పుస్తకం వీపుమీద వేసే గుర్తువంటిదే అది. ప్రోగ్రాము వ్రాసేవారు ఇకమీదట ఆదేశాలను ఎత్తి వ్రాయనక్కరలేదు. వరుసగా పిలుపుగుర్తులు వ్రాసి, దేనికి ఏ సంఖ్య ఇవ్వవలెనో ఫలితం ఎక్కడ ఉంచవలెనో సూచిస్తే చాలును. యంత్రమే టేపును వెదకి, కావలసినవాటిని తెచ్చి, స్థానసంఖ్యలు తానే సవరించి, అన్నిటినీ ఒక్క ప్రోగ్రాముగా కూర్చి ఇచ్చేది.

ఆ సాధనానికి ఆమె పెట్టిన పేరు కంపైలరు. ఆ మాటకు సంకలనకర్త అని అర్థం. పాలమూరు జిల్లా పాఠకులకు ఆ అర్థం వేరుగా వివరించనక్కరలేదు. తెలంగాణంలో కవులు లేరనే మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవుల రచనలను ఒక్కచోట చేర్చి గోలకొండ కవుల సంచికను ప్రకటించినాడు. ఎక్కడెక్కడివో పద్యాలను తెప్పించి, వరుస కూర్చి, ఒక్క సంపుటంగా చేయడం సంకలనం. హోపర్ యంత్రం చేసినదీ సరిగా అదియే.

ఆ కూర్పులో ఒక చిక్కు వచ్చినది. ముందు వచ్చిన ఆదేశమాలకు వెనుకకు దారి చూపడం తేలిక. అది ఎక్కడ ఉన్నదో అప్పటికే తెలిసి ఉంటుంది. ఇంకా రాని ఆదేశమాలకు ముందుకు దారి చూపవలసివస్తే ఎట్లు? అది ఏ స్థానంలో దిగుతుందో అప్పటికి తెలియదు. కళాశాల రోజులలో ఆమె బాస్కెట్‌బాల్ ఆడినది. ఆనాటి స్త్రీల ఆటలో బంతిని తట్టుకొంటూ ముందుకు పరుగెత్తడానికి మితి ఉండేది. అందుచేత బంతిని జతకత్తెకు అందించి, తాను ముందుకు పరుగెత్తి, మరల ఆమె చేతినుండి అందుకొనేవారు. హోపర్ ఆ ఉపాయాన్నే ఇక్కడ వాడినది. యంత్రపు జ్ఞాపకస్థానం చివర ఒక చిన్న మూల కేటాయించి, ముందుకు పోవలసిన ప్రతి పిలుపునూ మొదట అక్కడికి మళ్ళించినది. పిలువబడినది వచ్చి తన స్థానంలో కుదురుకొన్న తరువాత, ఆ మూలనుండి దానికి దారి చూపే ఆదేశం చేరేది.

1952 మే నెలలో పిట్స్‌బర్గ్‌లో జరిగిన గణకశాస్త్రజ్ఞుల సమావేశంలో ఆమె ఈ విషయం వివరించినది. చాలమంది నమ్మలేదు. యంత్రం అంకెలు కూడగలదు గాని ప్రోగ్రాములు వ్రాయలేదని వారి వాదం. పనిచేస్తున్న సాధనం ఎదుట ఉన్నా దానిని ముట్టుకొనేవారు కరువైనారు. ఆమె వాదానికి దిగక పని పెంచినది. 1953లో ఏ-2 అనే మెరుగైన రూపాన్ని యూనివాక్ కొన్నవారికి పంపి, లోపల వ్రాసినదంతా విప్పి చూపి, మార్పులు సూచించుమని కోరినది. తనది అని దాచుకొనక పదిమంది చేత దిద్దించుకొనే ఆ పద్ధతి ఆ కాలానికి అపూర్వమనదగినది.

ఈ కీర్తి అంతా ఆమె ఒక్కతెదే అనడం న్యాయం కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో 1949లో నడవసాగిన ఎడ్‌సాక్ యంత్రానికి విల్క్స్, వీలర్, గిల్ అనే ముగ్గురు ఆదేశమాలల గ్రంథాలయాన్ని కూర్చి, 1951లో దానిపై గ్రంథమే ప్రకటించినారు. నేడు కంపైలరు అనే మాటకు గల అర్థం కూడ మారినది. మనిషి భాషకు దగ్గరగా వ్రాసినదానిని యంత్రభాషలోనికి మార్చే సాధనానికి ఆ పేరు స్థిరపడినది. ఏ-0 చేసిన పనిని నేడు లింకరు, లోడరు అనే సాధనాలు చేస్తున్నవి. టేపుమీది గ్రంథాలయంనుండి యంత్రమే పిలిచి తెచ్చుకొని అమర్చుకొనే ఏర్పాటును మొదట సాధించినవారిలో ఆమె అగ్రగణ్య.

తరువాత ఆమె దృష్టి భాషమీదికి మళ్ళినది. లెక్కలు వ్రాసే గుమాస్తాకు గణితసంకేతాలు అక్కరలేదు, తన మాటలలోనే ఆదేశించగలగవలెనని ఆమె వాదించినది. ఆంగ్లపదాలతో ఒక నమూనా చేసి సంస్థ పెద్దలకు చూపుతూ, అదే ప్రోగ్రామును ఫ్రెంచి, జర్మను మాటలలో కూడ నడిపి చూపినది. యంత్రానికి ఏ మాట అయినా గుర్తు మాత్రమే, మాట మార్చడం సులభం అని నిరూపించడం ఆమె ఉద్దేశం. అమెరికాలో పుట్టిన యంత్రం పరభాషలు మాట్లాడడమేమిటని పెద్దలు దిగులుపడినారు! ఆంగ్లమే వాడుతామని మాట ఇచ్చిన తరువాత గాని పని సాగలేదు. అట్లు వచ్చిన ఫ్లో-మాటిక్ భాషయే 1959లో రూపు దిద్దుకొని 1960లో వెలువడిన కోబాల్‌కు ముఖ్యాధారం. కోబాల్ రూపకల్పన సంఘానికి ఆమె సలహాదారు.

కోబాల్‌తో తెలుగువారికి సన్నిహితమైన సంబంధమే కలదు. ఆ కాలపు ప్రోగ్రాములలో స్థలం పొదుపుకొరకు సంవత్సరాన్ని రెండంకెలతోనే వ్రాసేవారు. 2000 సంవత్సరం దగ్గరపడగానే, 00 అంటే 1900గా యంత్రం భ్రమించునేమోనని ప్రపంచమంతా ఆందోళన పడినది. 1990ల చివర హైదరాబాదు అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకొన్న తెలుగు యువకులెందరో ఆ దిద్దుబాటు పనికి అమెరికా వెళ్ళినారు. ఆ పని అంత పెద్దది కావడానికి కారణం గమనింపదగినది. తేదీని చదివే ఆదేశాలు ఒక్కచోట లేవు. లెక్కకు మిక్కిలిగా ప్రోగ్రాములలో ఎవరికివారు వ్రాసుకొన్నవి. ఎత్తి వ్రాసిన తప్పును ప్రతి ప్రతిలోను వెదకి దిద్దవలసి వచ్చినది.

హోపర్ నాటిన బీజం మరొక దారిలో కూడ పెరిగినది. ఏ-0 పద్ధతిలో కావలసినదంతా ముందే తెచ్చి ప్రోగ్రాములో కలిపి కుట్టివేయడం జరిగేది. పది ప్రోగ్రాములకు ఒకే ఆదేశమాల కావలసివస్తే పది ప్రతులు తప్పవు. 1960లలో అమెరికాలో మల్టిక్స్ అనే వ్యవస్థను నిర్మించినవారు మరొక అడుగు వేసినారు. కలిపి కుట్టనక్కరలేదు, పేరు మాత్రం వ్రాసి ఉంచి, ప్రోగ్రాము నడుస్తూ ఉండగా మొదటిసారి పిలుపు వచ్చినపుడే దానిని తెచ్చుకొనవచ్చును. 1972 ప్రాంతంలో డెన్నిస్ రిచ్చీ సృష్టించిన సి భాషలో వ్రాసే ప్రోగ్రాములకు ఈ సౌకర్యం 1980లలో యూనిక్స్ యంత్రాలమీద వ్యాపించినది. సంచికలో పద్యమంతా అచ్చువేయడానికి బదులు, ఫలానా అరలో ఫలానా పుస్తకమని గుర్తు వేసి, చదువరి ఆ పుటకు వచ్చినపుడు ఆ పుస్తకం తెచ్చి ఇచ్చినట్లు ఇది ఉంటుంది.

సి భాషలో ఆ పని నాలుగు మెట్లలో జరుగుతుంది. డిఎల్‌ఓపెన్ అనే పిలుపుతో లైబ్రరీని పేరు చెప్పి తెరువవలెను. డిఎల్‌సిమ్‌తో అందులో కావలసిన ఆదేశమాల పేరు చెప్పి, అది జ్ఞాపకంలో ఎక్కడ ఉన్నదో చిరునామా అడుగవలెను. ఆ చిరునామా ద్వారా పని చేయించుకొనవలెను. ముగిసిన తరువాత డిఎల్‌క్లోజ్‌తో మూయవలెను. పేరు దొరకనపుడు కారణం చెప్పడానికి డిఎల్‌ఎర్రర్ ఉన్నది. విద్యార్థి మరువరాని జాగ్రత్త ఒకటి కలదు. చిరునామా దొరికినంతమాత్రాన అక్కడ ఉన్నది తాను కోరినదే అని కంపైలరు హామీ ఇవ్వదు. ఏ విలువలు ఇవ్వవలెనో, ఏమి తిరిగి వస్తుందో వ్రాసినవాడే సరిచూచుకొనవలెను. పొరపడితే నడుస్తున్న ప్రోగ్రాము నడుమనే కూలిపోవచ్చును. ప్రోగ్రాము వెంట తనంతట వచ్చే లైబ్రరీలకు అనేక వ్యవస్థలలో ఒక మధ్యస్థపట్టిక ఉంటుంది. పిలుపు మొదట అక్కడికి పోయి, అసలు చిరునామా తెలిసిన తరువాత అక్కడినుండి ముందుకు సాగుతుంది. హోపర్ బాస్కెట్‌బాల్ ఆటనుండి తెచ్చిన ఉపాయం గుర్తున్నవారికి ఈ పట్టిక కొత్తగా తోచదు.

ఒక్క ప్రతినే అందరూ వాడుకొనడంలో బలమూ ఉన్నది, ప్రమాదమూ ఉన్నది. రెండింటికీ మన తెలుగక్షరమే సాక్ష్యం. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థ ఫోనులలో ఒక వింత జరిగినది. జ్ఞ అనే సంయుక్తాక్షరం, దానివెంట కంటికి కనబడని ఒక విభజన చిహ్నం, ఆపై దీర్ఘం కలిసిన అక్షరం సందేశంలో వస్తే చాలు, దానిని చూపబోయిన ప్రోగ్రాము కుప్పకూలేది. ఏ ఒక్క ప్రోగ్రాములోనో తప్పు కాదు; అక్షరాలను అమర్చే పనికి అన్నీ పిలిచే ఉమ్మడి లైబ్రరీలోనిది ఆ తప్పు. అందుచేతనే ఒక్క అక్షరం ఇన్ని ప్రోగ్రాములను పడగొట్టినది. అందుచేతనే ఆ నెలలోనే వెలువడిన ఒక్క దిద్దుబాటుతో అన్నీ లేచి నిలిచినవి. 2000 సంవత్సరపు చిక్కుకూ దీనికీ గల తేడా ఇదియే. జ్ఞానమనే మాటకు తొలి అక్షరమే ఈ పాఠం నేర్పడం విచిత్రం.

హోపర్ ఉత్తరజీవితమంతా నౌకాదళంతో ముడిపడినది. 1966 చివర వయస్సు కారణంగా విరమింపజేసినారు. తమ ప్రోగ్రాములు చక్కబడక, 1967 ఆగస్టులో ఆరు నెలలకని మరల పిలిచినారు. ఆ ఆరు నెలలు దాదాపు పందొమ్మిదేండ్లైనవి; నడుమ ఒకసారి విరమించినా మరల పిలుపు వచ్చినది. 1983లో కమొడోరు, 1985లో రియర్ అడ్మిరలు పదవులు వచ్చినవి. ఎక్కడికి వెళ్ళినా సుమారు 30 సెంటీమీటర్ల తీగముక్కలను కట్టగా తీసుకొని వెళ్ళి సభలో పంచేది. సెకనులో వందకోట్లవ వంతు కాలంలో కాంతి పోగల దూరం అది. కంటికి కనబడని కాలాన్ని చేతికిచ్చిన ఉపాధ్యాయిని ఆమె. గోడమీద అపసవ్యంగా తిరిగే గడియారం పెట్టుకొని, అలవాటు ఒక్కటే న్యాయం కాదని వచ్చినవారికి గుర్తుచేసేది. 1986 ఆగస్టు 14న, 79 ఏండ్ల వయస్సులో, బోస్టను రేవులోని పురాతన నౌక కాన్‌స్టిట్యూషన్‌మీద విరమణోత్సవం జరిగినది. సేవలో ఉన్న అధికారులందరిలో అప్పటికి ఆమెయే వృద్ధురాలు. 1991లో జాతీయ సాంకేతిక పతకం అందుకొని, 1992 జనవరి 1న ఆర్లింగ్టన్‌లో కన్నుమూసినది. సైనికలాంఛనాలతో అక్కడనే సమాధి చేసినారు. ఆమె పేరు పెట్టిన యుద్ధనౌక 1997లో నౌకాదళ సేవలో చేరినది. 2017లో యేల్ విశ్వవిద్యాలయం ఒక కళాశాలకు ఆమె పేరు ఇచ్చినది.

వయస్సు మించినదని రెండుసార్లు త్రోసివేసిన దళమే, విరమించిన తరువాత రెండుసార్లు ఆమెను వెనుకకు పిలిచినది. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కళాశాల ప్రయోగశాలలో ఒక విద్యార్థి నేడు ఒక్క పంక్తి వ్రాసి లైబ్రరీని పిలుస్తాడు. అంతకుముందు ఎవరో సరిగా వ్రాసి, సరిచూచి, పేరు పెట్టి అరలో ఉంచినది వచ్చి అతని పని చేసి పోతుంది. అతడు దానిని ఎత్తి వ్రాయలేదు. అందుచేత చెడగొట్టనూ లేదు. తాళపత్రాల కాలంనుండి లేఖకుని వెంటాడిన దోషానికి గ్రేస్ హోపర్ కనిపెట్టిన పరిహారం అదియే. ఇక సరిచూడవలసిన బాధ్యత అరలో పుస్తకం పెట్టేవానిదీ, పిలిచేవానిదీ.